క్రిస్మస్ కానుకలు: ఎవరు ఎవరికి ఇచ్చేవాళ్లు?

ముందు మీ ప్రశ్న ఇంకోసారి చెప్పుకుందాం. క్రిస్మస్‌కి కానుకలు ఇచ్చుకోవడం తూర్పు దేశపు జ్ఞానులతో మొదలైందని మీ పాస్టరుగారు చెప్పారు. అదేం కాదు, అంతా అమెరికా కంపెనీల వ్యాపారమేనని ఇంజనీరింగ్ చదివే మీ అబ్బాయి కొట్టిపారేశాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజం? ఎర్ర బట్టల క్రిస్మస్ తాత కోకాకోలా వాళ్ల సృష్టేనా? ఇవీ మీ సందేహాలు.

డిగ్రీ పిల్లలకు యూరప్ చరిత్ర చెప్పాను, ఆదివారాలు సండేస్కూలూ నడిపాను. కాబట్టి ఈ ప్రశ్న నాకు రెండు వైపుల నుంచీ వస్తూనే ఉండేది. ఇద్దరి మాటా పూర్తిగా నిలవదు. జ్ఞానులకీ ఇప్పటి గిఫ్టులకీ మధ్య తెగని వరస ఏదీ లేదు. కంపెనీలేమో ఈ అలవాటును పుట్టించలేదు, పుట్టినదాన్ని అందిపుచ్చుకున్నాయి. నన్నడిగితే ఎప్పుడు మొదలైందని తేదీలు వెతకడం కంటే, ఏ కాలంలో ఎవరు ఎవరికి ఇచ్చారన్నది చూడాలి. చిన్నవాళ్లు పెద్దవాళ్లకు ఇచ్చారా, పెద్దవాళ్లు చిన్నవాళ్లకు ఇచ్చారా, ఇంట్లోవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకున్నారా? కథంతా అక్కడే ఉంది.

జ్ఞానుల సంగతి మత్తయి సువార్త రెండో అధ్యాయంలో ఉంది. వాళ్లు ముగ్గురని అక్కడెక్కడా లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని మూడు వస్తువులు కనిపిస్తాయి కాబట్టి మనుషులూ ముగ్గురై ఉంటారని తర్వాతివాళ్లు అనుకున్నారు. వాళ్లు వచ్చింది పశువుల పాకకు కాదు, ఇంటికి. అప్పటి రాజు హేరోదు రెండేళ్లలోపు మగపిల్లల్ని చంపించాడంటే అప్పటికి బిడ్డ పుట్టి కొంతకాలం అయ్యే ఉండొచ్చు. పాశ్చాత్య సంఘాలు కూడా జ్ఞానుల రాకను జనవరి 6న జరుపుకుంటాయి, డిసెంబరు 25న కాదు. ఇంకొక సంగతి. వాళ్లు తెచ్చినవి రాజుకు సామంతులు పట్టుకొచ్చేలాంటి కానుకలు. సాగిలపడి, పెట్టెలు విప్పి, సమర్పించారు. నాన్న కూతురికి బొమ్మ కొనివ్వడానికీ దానికీ పోలిక తక్కువ. అది తెచ్చి దీనికి అతికించింది తర్వాతివాళ్లే.

డిసెంబరు చివర్లో కానుకలు ఇచ్చుకునే అలవాటు క్రిస్మస్ కంటే పాతది. రోమ్‌లో డిసెంబరు 17 నుంచి కొన్ని రోజులు సాటర్నేలియా పండగ జరిగేది. మైనపు వత్తులూ చిన్న చిన్న మట్టిబొమ్మలూ ఇచ్చుకునేవాళ్లు. మొదటి శతాబ్దపు కవి మార్షల్ ఈ కానుకల కోసమే రెండేసి పంక్తుల పద్యాలు బోలెడు రాశాడు, వస్తువుతో పాటు పంపుకోవడానికి. పళ్లు కుట్టుకునే పుల్లకొక పద్యం, చిలకకొక పద్యం, గొడుగుకొక పద్యం. ఆయనదే ఇంకో పద్యం ఉంది, క్లాసులో చెబితే పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. ఉంబర్ అనేవాడు అయిదు రోజుల పండగలో తనకొచ్చిన కానుకలన్నీ మూటగట్టి కవిగారికి పంపించేశాడు. పన్నెండు రాతపలకలు, పళ్లపుల్లలు ఏడు, ఒక స్పాంజి, ఒక చేతిగుడ్డ, ఒక గిన్నె, కొన్ని చిక్కుళ్లు, బుట్టెడు ఆలివ్‌లు, ఎండు రేగిపళ్లలాంటివేవో, అత్తిపళ్ల జాడీ. ఎనిమిది మంది దిట్టమైన సిరియా బానిసలు మోసుకొచ్చారట. మొత్తం కలిపినా ముప్ఫై నాణేలు చెయ్యదు, దీని బదులు ఒక్క కుర్రాడి చేత అయిదు పౌండ్ల బరువు వెండి పంపిస్తే ఎంత సుఖంగా ఉండేదయ్యా అంటాడు మార్షల్. గృహప్రవేశంలో వచ్చిన గోడగడియారాలను ఇంకో గృహప్రవేశానికి పంపే మనం ఆయన్ని సులువుగానే అర్థం చేసుకోగలం.

సాటర్నేలియా అవ్వగానే జనవరి 1. ఆ రోజు ఇచ్చే కానుకల పేరు స్ట్రీనే. ఖర్జూరాలు, అత్తిపళ్లు, తేనె, నాణేలు ఇచ్చేవాళ్లు. ఏడాదంతా తియ్యగా సాగాలని. జనం అగస్టస్ చక్రవర్తికి కూడా ఇచ్చేవాళ్లు. ఆయన ఆ డబ్బుతో దేవుళ్ల విగ్రహాలు కొని వీధివీధినా పెట్టించాడు. తర్వాతి కాలపు చక్రవర్తి కాలిగులా మాత్రం కొత్త సంవత్సరం కానుకలు స్వీకరిస్తానని చాటింపు వేయించి, జనవరి 1న రాజభవనం వాకిట్లో తానే నిలబడి, అన్ని తరగతుల జనం గుప్పిళ్లతో, ఒళ్లో పోసుకొచ్చి కుమ్మరించిన నాణేలను అందుకున్నాడని రోమన్ చరిత్రకారుడు స్వెటోనియస్ రాశాడు. ఇక్కడ కానుక పోయే దారి చూడండి, నేరుగా పైకి.

క్రైస్తవ సంఘం మొదట్లో ఈ అలవాటును తిట్టిపోసింది. క్రీస్తు జన్మదినం డిసెంబరు 25 అని స్పష్టంగా కనిపించే మొదటి ఆధారం రోమ్‌లో క్రీ.శ. 354లో కూర్చిన ఒక పంచాంగం. ఆ తరువాత కూడా చాలాకాలం కానుకలు క్రిస్మస్‌వి కాదు, జనవరి 1వి. స్ట్రీనే అన్యమతస్థులిచ్చుకుంటారు, మీరు పేదలకు ధర్మం చెయ్యండి అని ఉత్తర ఆఫ్రికా బిషప్పు ఆగస్టీను ప్రసంగించాడు. ఇప్పటి టర్కీలో ఉన్న అమాసియా బిషప్పు ఆస్టీరియస్ క్రీ.శ. 400 జనవరి 1న చేసిన ప్రసంగం ఇంకా ఘాటుగా ఉంటుంది. పిల్లలు వెండి రేకు చుట్టిన పండ్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, రెండింతల డబ్బు వసూలు చేస్తున్నారట. కిందివాడు పైవాడికిస్తే, ఆ పైవాడు తన పైవాడికిస్తే, చివరికి సొమ్మంతా పెద్దల ఇళ్లకే చేరుతోందట. చిన్నతనంలోనే పిల్లలకు ఆశ నేర్పుతున్నారన్నది ఆయన బాధ. ప్రసంగాలు ప్రసంగాలుగానే ఉన్నాయి, అలవాటు అలవాటుగానే ఉంది. ఫ్రెంచివాళ్లు జనవరి 1 కానుకలను ఎత్రెన్ అంటారు. రోమన్ల స్ట్రీనేయే అలా మిగిలింది.

రెండో పాయ సెయింట్ నికొలస్‌ది. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా పట్టణపు బిషప్పు. కట్నాలివ్వలేని ఒక తండ్రికి ముగ్గురు కూతుళ్లుంటే, ఈయన రాత్రిపూట కిటికీలోంచి బంగారు మూటలు విసిరి, ఎవరిచ్చారో తెలియకుండా వెళ్లిపోయాడని కథ. జరిగిందో లేదో గానీ, మన విషయానికి ఈ కథ చాలా ముఖ్యం. ఇచ్చినవాడు కనిపించడు, కాబట్టి తిరిగి ఇవ్వాల్సిన బాకీ లేదు. పుచ్చుకున్నది పిల్లలు. ఆయన పండగ డిసెంబరు 6. నెదర్లాండ్స్‌లో, జర్మన్ ప్రాంతాల్లో ముందురోజు రాత్రి పిల్లలకు తాయిలాలు పెట్టడం దీన్నుంచే వచ్చింది. డచ్చి పిల్లలు ఇవాళ్టికీ బూట్లు పెట్టి, అందులో ఆయన గుర్రం కోసం క్యారెట్ ఉంచుతారు.

పదహారో శతాబ్దంలో జర్మనీలో మార్టిన్ లూథర్ మొదలుపెట్టిన మతసంస్కరణ వచ్చింది. సెయింట్లను కొలవడం లూథర్ అనుచరులకు గిట్టలేదు. మరి పిల్లల కానుకలు? వాటిని ఆపితే ఏ ఇంట్లోనైనా గోలే. అందుకని ఇచ్చేవాణ్ణి మార్చారు. నికొలస్ బదులు బాలక్రీస్తు తెస్తాడన్నారు, డిసెంబరు 6 నుంచి క్రిస్మస్‌కి జరిపారు. జర్మనీలో ఇప్పటికీ డిసెంబరు 24 సాయంత్రమే పిల్లలకు కానుకలు. పిల్లల కానుకకు క్రిస్మస్‌తో గట్టి ముడి పడింది ఇక్కడేనని నా అభిప్రాయం.

తేదీలన్నీ ఒక్కచోటికి ఎప్పుడూ రాలేదు. స్పెయిన్‌లో జ్ఞానుల పేరున జనవరి 6, ఇటలీలో అదే రోజు బెఫానా అనే ముసలమ్మ పేరున, గ్రీసులో సెయింట్ బాసిల్ పేరున జనవరి 1. రష్యాలో సోవియట్ ప్రభుత్వం క్రిస్మస్ చెట్టును ముందు పక్కకు నెట్టింది. 1935 చివర్లో అదే చెట్టును కొత్త సంవత్సరం చెట్టు పేరుతో తిరిగి నిలబెట్టింది.

ఇంగ్లండు రాజదరబారులో మాత్రం రోమన్ల పద్ధతే సాగింది. జనవరి 1న ప్రభువుల నుంచి వంటవాళ్ల దాకా రాజుకు కానుకలివ్వాలి. మొదటి ఎలిజబెత్ రాణి కాలపు జాబితాలు పొడవాటి తోలు చుట్టల మీద ఇప్పటికీ ఉన్నాయి. ఎవరేమిచ్చారు, తిరుగు కానుకగా రాణి ఎన్ని ఔన్సుల బంగారు పూత వెండి పాత్ర ఇచ్చింది, అంతా తూకంతో సహా రాసుంటుంది. ప్రభువులు పట్టుసంచుల్లో బంగారు నాణేలు ఇచ్చారు. పేస్ట్రీ వంటశాల అధికారి క్విన్స్ పండ్లతో చేసిన ‘పై’ అనే పిండివంట ఇచ్చాడు. చెత్త ఎత్తే స్మిత్ అనేవాడు రెండు తానుల సన్నబట్ట ఇచ్చాడు. ఈ కానుకల్లో రాజకీయం ఎంతుందంటే, 1532 జనవరి 1న ఎలిజబెత్ తండ్రి, ఎనిమిదో హెన్రీ రాజు, తన భార్య క్యాథరిన్ పంపిన బంగారు గిన్నెను తిప్పి పంపాడు. అదే రోజు, తాను పెళ్లాడదలచిన ఆన్ బొలీన్ ఇచ్చిన అడవిపంది ఈటెలను పుచ్చుకున్నాడు. ఎవరి పని అయిపోయిందో దరబారుకు వేరే చెప్పక్కర్లేకపోయింది.

పై నుంచి కిందికి వచ్చేది వేరే. లండన్‌లో అప్రెంటిస్ కుర్రాళ్లు మట్టి ముంతలు పట్టుకుని యజమాని ఖాతాదారుల దగ్గర చిల్లర పోగుచేసేవాళ్లు. ఆ ముంతల్ని బాక్సులు, అంటే డబ్బాలు, అనేవాళ్లు. డిసెంబరు 26కు బాక్సింగ్ డే పేరు వాటివల్లే వచ్చిందంటారు. అచ్చం మన దసరా మామూలు. 1668 డిసెంబరు 28న లండన్‌లోని ప్రభుత్వోద్యోగి శామ్యూల్ పీప్స్ తన డైరీలో పొద్దున్నే డప్పులూ బాకాలూ వచ్చి నిద్ర లేపాయని, ఈ డబ్బాలతో కలిపి ఈ క్రిస్మస్‌కి చాలా ఖర్చయిందని, ఇంకా అవుతుందని విసుక్కున్నాడు. ఊళ్లలో అయితే బీదవాళ్లు గుంపుగా పెద్దల ఇళ్లకెళ్లి పాట పాడి తిండీ తాగుడూ అడిగేవాళ్లు. పెట్టకపోతే రభస. ఈ తాగుడు, రభస కూడా ఒక కారణంగా, అమెరికాలోని మసాచుసెట్స్‌లో స్థిరపడ్డ ప్యూరిటన్లు అనే కఠిన ప్రొటెస్టెంట్లు 1659లో క్రిస్మస్ జరుపుకునేవాళ్లకు అయిదు షిల్లింగుల జరిమానా పెట్టారు. 1681లో ఎత్తేశారు.

ఇక అసలు మలుపు న్యూయార్క్‌ది. దీని దగ్గర కొంచెం ఆగాలి.

1800లో ఆ ఊరి జనాభా 60 వేలు. 1830కి రెండు లక్షలు దాటింది. పనిలేని చలికాలంలో జనం డప్పులు, డబ్బాలు కొట్టుకుంటూ వీధుల్లో తిరిగేవాళ్లు. తలుపులు బాదేవాళ్లు. పాత రోజుల్లో వచ్చినవాడు తెలిసినవాడు, తన పొలంలో పనిచేసేవాడు. ఇప్పుడు వచ్చేది ముక్కూమొహం తెలియని గుంపు. దాంతో ఊళ్లో పెద్దమనుషులకు వీధి పండగంటే బెదురు పుట్టింది. జాన్ పింటార్డ్ అనే వ్యాపారి, న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీ పెట్టినవాళ్లలో ఒకడు, 1810లో డిసెంబరు 6 విందు కోసం సెయింట్ నికొలస్ బొమ్మ చెక్కించి ముద్రించాడు. ఒక పక్క బిషప్పు. ఇంకో పక్క పొయ్యి దగ్గర మేజోళ్లు వేలాడుతుంటాయి, కానుకలు అందిన మంచి అమ్మాయి, ఏడుస్తున్న అల్లరి అబ్బాయి. 1821లో ఒక పిల్లల పుస్తకంలో నికొలస్ రెయిన్‌డీర్ బండెక్కాడు, డిసెంబరు 6 వదిలి క్రిస్మస్ ముందురాత్రికి వచ్చాడు. 1823 డిసెంబరు 23న న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణపు పత్రికలో పేరు లేకుండా అచ్చయిన ఒక పద్యంతో ఆ రూపం, మనం క్రిస్మస్ తాత అనేది, ఖాయమైంది. ఆ పద్యంలోనూ రాత్రివేళ ఇంటి బయట చప్పుడవుతుంది, ఇంటాయన ఉలిక్కిపడి కిటికీ దగ్గరికి పరుగెత్తుతాడు. వచ్చినవాడు అడుక్కోవడానికి రాలేదు, ఇవ్వడానికి వచ్చాడు. నోరు మెదపకుండా ఇచ్చేసి, వెళ్తూ వెళ్తూ అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పి మాయమవుతాడు.

చేసిన పని చూడండి. ఇచ్చేవాళ్లు ఇచ్చేవాళ్లుగానే ఉన్నారు. ఏడాదికొకసారి చిన్నవాళ్లకు పెట్టాలన్న నియమమూ ఉంది. పుచ్చుకునేవాళ్లు మారారు. పనివాళ్ల స్థానంలోకి సొంత పిల్లలు వచ్చారు. వాకిలి మూసి పండగను ఇంట్లోకి తెచ్చుకున్నారు. చరిత్రకారులందరూ దీన్నొకేలా చెప్పరు గానీ, నాకు ఈ వాదన బలంగానే అనిపిస్తుంది.

పుచ్చుకునేది పిల్లలైతే సరుకు కావాలి. 1820లలోనే ఇవ్వడం కోసమే తయారైన పుస్తకాలు లండన్, ఫిలడెల్ఫియా దుకాణాల్లోకి వచ్చాయి. మొదటి పేజీలో ఇచ్చేవారి పేరుకు, పుచ్చుకునేవారి పేరుకు ఖాళీలు వదిలేవాళ్లు. బొమ్మలు ఎక్కువగా జర్మనీ నుంచి. శాక్సనీ కొండల్లో సైఫెన్ అనే ఊరుంది. తగరం గనులు అడుగంటాక అక్కడివాళ్లు కొయ్యబొమ్మల్లోకి దిగారు. వాళ్ల పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. పచ్చి స్ప్రూస్ దుంగను అడ్డంగా కోసి, లేత్ మీద ఎక్కించి, గుండ్రటి చక్రంలా చెక్కుతారు. పైనుంచి చూస్తే గాడులు పడిన చేతిగాజులా ఉంటుంది, అంతే. దాన్ని కత్తితో నిలువునా చీలిస్తే ఒక్కో ముక్క ఒక్కో గుర్రమో ఆవో అయి ఊడి వస్తుంది. చెక్కేటప్పుడు గుర్రం ఆకారం పనివాడికి కనిపించదు, వంపులన్నీ మనసులోనే పెట్టుకోవాలి. ఒక్క చక్రంలోంచి డజన్ల కొద్దీ జంతువులొస్తాయి. చెవులు, తోకలు అతికించి రంగులు వెయ్యడం ఇంటిల్లిపాదీ చేసే పని, పిల్లలతో సహా. అక్కడి పిల్లలు తయారుచేసిన బొమ్మలు లండన్, న్యూయార్క్ పిల్లల మేజోళ్లలోకి చేరేవి.

దుకాణాలు చురుగ్గా దిగింది ఆ తర్వాతే. న్యూయార్క్‌లో మేసీస్ 1867లో క్రిస్మస్ ముందురోజు అర్ధరాత్రి దాకా తెరిచి ఉంచింది. 1917లో కాన్సస్ సిటీలో హాల్ సోదరుల కొట్టులో కానుకలు చుట్టే పల్చటి కాగితం అయిపోతే, కవర్ల లోపల అతికించే ఫ్రెంచి రంగుకాగితాన్ని బల్ల మీద పెట్టారు. షీటు పది సెంట్లు. నిమిషాల్లో పోయింది. ఇవాళ మనం చింపి పారేసే గిఫ్ట్ పేపరు వ్యాపారం అక్కడ పుంజుకుంది, ఆ కొట్టే తర్వాత హాల్‌మార్క్ అయింది. అంటే మీ అబ్బాయి మాటలో నిజం లేకపోలేదు, కాకపోతే చాలా ఆలస్యంగా మొదలయ్యే నిజం.

వాకిలి మూశారన్నాను కదా, పైకి పోయే కానుక పక్కదారిన మళ్లీ వచ్చింది. 1912లో న్యూయార్క్‌లో మాజీ నటి ఎలినార్ బెల్మాంట్, ప్రసిద్ధ బ్యాంకరు జె.పి. మోర్గాన్ కూతురు ఆన్ మోర్గాన్ కలిసి ‘పనికిరాని కానుకల నివారణ సంఘం’ పెట్టారు. దేనికనుకున్నారు? దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లలు క్రిస్మస్‌కి సూపర్‌వైజర్లకు కానుకలు కొనడానికి జీతంలోంచి చందాలు ఇవ్వాల్సి వచ్చేది. ఇవ్వకపోతే ఉద్యోగానికి ముప్పు. మాజీ అధ్యక్షుడు థియొడర్ రూజ్‌వెల్ట్ కూడా ఆ సంఘంలో చేరాడు. ఆస్టీరియస్ ప్రసంగించి అప్పటికి పదిహేను వందల ఏళ్లు దాటింది, ఫిర్యాదు అదే. 1993లో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త యేల్ విద్యార్థులను అడిగి, కానుకకు పెట్టిన ఖర్చులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా వృథా అని లెక్క తేల్చాడు. మార్షల్ పద్యాన్నే గణితంలో చెప్పాడు.

మన వైపు సంగతి. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు ఇక్కడివాళ్ల నుంచి కానుకలు పుచ్చుకోకూడదని 1773 రెగ్యులేటింగ్ చట్టమే నిషేధించింది. అయినా క్రిస్మస్, కొత్త సంవత్సరాలకు కాంట్రాక్టర్లు, జమీందార్లు, కింది ఉద్యోగులు దొరల బంగళాలకు ‘డాలీ’లు మోసుకెళ్లేవాళ్లు. పండ్లు, పూలు, ఎండుపళ్లు, కేకులు పెట్టిన తట్టలు. ఆ అడుగున ఇంకేమైనా ఉంటే దొర చూసీ చూడనట్టు ఉండేవాడు. పండ్లు, పూల వంటి స్వల్ప విలువైనవాటికి నిబంధనల్లోనే కాస్త వెసులుబాటు ఇచ్చారు. జనవరి 1న అధికారి ఇంటికి నిమ్మపండు, పూలదండ పట్టుకెళ్లే మన అలవాటు ఆ వరసలోదే. ఇప్పుడు ప్రతి ఏడూ ఏదో ఒక జిల్లా కలెక్టరు, బొకేలు తేవద్దు, హాస్టలు పిల్లలకు నోటుపుస్తకాలో దుప్పట్లో తెండి అని ప్రకటన ఇవ్వడం పేపర్లో చూస్తూనే ఉన్నాం. తెలుసో తెలియకో ఆయన ఆగస్టీను మాటే చెబుతున్నాడు.

తెలుగు సంఘాల్లో పిల్లల కానుక వచ్చింది మిషనరీల వెంట. అమెరికా, ఇంగ్లండు సంఘాల నుంచి మిషన్ స్కూళ్లకు పెట్టెలు వచ్చేవి. వాటిలో బొమ్మలు, రంగుల కార్డులు. మన సండేస్కూళ్లలో ‘క్రిస్మస్ ట్రీ’ అంటే చెట్టే కాదు, ఆ సాయంత్రం జరిగే పిల్లల ప్రోగ్రాం మొత్తం. కానీ మన ఇళ్లలో క్రిస్మస్ కానుకంటే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది కొత్తబట్టలే, కాగితం చుట్టిన పెట్టె కాదు. ఆంధ్రప్రదేశ్‌లో చంద్రన్న క్రిస్మస్ కానుక పేరుతో ఒకప్పుడు ఇచ్చిన రేషన్ సరుకులు, తెలంగాణలో ప్రభుత్వం పంచిన బట్టల ప్యాకెట్లు కూడా మీరు చూసే ఉంటారు. ఏలినవారు కిందికి ఇచ్చే పాత రకం అది. మీ పాస్టరుగారికి జ్ఞానుల పేరుమీదే కానుకలు పంచాలనుంటే జనవరి 6న పెట్టించండి. స్పెయిన్‌లో అలాగే చేస్తారు, లేఖనానికీ దగ్గరగా ఉంటుంది.

కోకాకోలా మాట. చిత్రకారుడు హాడన్ సండ్‌బ్లామ్ ఆ కంపెనీకి క్రిస్మస్ తాత బొమ్మలు గీయడం 1931లో మొదలుపెట్టాడు. అమెరికా అంతర్యుద్ధ కాలంలోనే, 1863 నుంచి, కార్టూనిస్టు థామస్ నాస్ట్ హార్పర్స్ వీక్లీ పత్రికలో బొజ్జ, గడ్డం తాతను గీస్తూ వచ్చాడు. ఎర్ర కోటు తాత బొమ్మలు కోకాకోలాకు చాలా ముందే పత్రికల మీద, కార్డుల మీద ఉన్నాయి. కంపెనీ చేసిందల్లా ఆ ఒక్క రూపాన్నే ఏటేటా ఊరూరా అతికించడం. ఈ పందెంలో మాత్రం మీ అబ్బాయి ఓడిపోయినట్టే.